వేడిమిలో పుట్టే స్ఫటికం

చల్లబడితే గడ్డకట్టడం, వేడెక్కితే కరగడం లోకమెరిగిన సంగతి. నీరు, నెయ్యి, మైనం, సీసం అన్నీ ఈ నియమానికి లోబడినవే. ఉన్నత పాఠశాల నుండి పట్టపరీక్ష వరకు మన విద్యార్థినీ విద్యార్థులు వ్రాసే సమాధానాలలో కూడ స్ఫటికం పుట్టడమంటే చల్లార్చడమే. అయితే ఒక ఘనపదార్థాన్ని వేడిచేస్తూ పోగా, అది కరగక మునుపే దానిలో స్ఫటికాలు పుట్టడం కూడ ప్రకృతిలో ఉన్నది. ఇది ఎక్కడో దూరదేశపు పరిశోధనాలయంలో మాత్రమే కనిపించే వింత కాదు. మన కళాశాల క్యాంటీను వెనుక కుప్పపడి ఉన్న శీతల పానీయాల సీసాలలోనే ఆ అవకాశం దాగి ఉన్నది.

తెలుగు బోధించే మేము రసాయనశాస్త్రం వారి పెరటిలో ఎందుకు అడుగు పెట్టినామని కొందరు మిత్రులు అడగవచ్చును. మా జవాబు ఇది. ఘనపదార్థాలను స్ఫటికాలు, అస్ఫటికాలు అని రెండు గదులుగా చీల్చి, ఒక్కొక్క గదికి అయిదేసి లక్షణాలు కంఠస్థం చేయించే పద్ధతి మన తరగతులలో పాతుకుపోయినది. ఆ పట్టికను ఇంగ్లీషులో అప్పగించినా, తెలుగులో అప్పగించినా, ఉర్దూలో అప్పగించినా పదార్థాన్ని గూర్చి తెలిసేది స్వల్పమే. ఒక ఘనపదార్థాన్ని చేతిలోకి తీసుకొని 'ఇది ఏమిటి?' అని అడగడంతో బాటు 'ఇది ఏ దారిన ఇక్కడికి వచ్చినది?' అని కూడ అడగాలని మా అభిప్రాయం. పాలిమర్ల విషయంలో ఆ రెండవ ప్రశ్న వేయనిదే మొదటిదానికి జవాబు దొరకదు. ఆ సంగతిని మన భాషలలోనే, మన చేతికందే వస్తువుతోనే చెప్పవచ్చునని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ వస్తువు పేరు పాలీఇథిలీన్ టెరిఫ్తలేట్. వాడుకలో 'పెట్' అంటారు. 1941లో ఇంగ్లండులో, మాంచెస్టరుకు చెందిన కాలికో ప్రింటర్స్ అసోసియేషన్ అనే వస్త్ర సంస్థలో పనిచేస్తుండిన విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు దీని నుండి దారం తీసినారు. మన పెద్దలు మోజుపడి కుట్టించుకున్న టెరికాటన్ చొక్కాలలో నూలుతో జతగూడినది ఈ దారమే. అది సీసాగా అవతరించడానికి మరి మూడు దశాబ్దాలు పట్టినది. అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ ఇంజనీరు నథానియల్ వైయెత్ 1973లో ఆ సీసాకు పేటెంటు పొందినాడు. ఈయన ప్రసిద్ధ చిత్రకారుడు ఆండ్రూ వైయెత్‌కు స్వయాన అన్న. తమ్ముని పటాలు చిత్రశాలలకు చేరగా, అన్నగారి సృష్టి మురుగుకాలువలకు చేరినది. ఇది వేరే కథ.

పెట్ అణువు ఒక పొడవైన గొలుసు. ఒకే లంకె వందకు పైబడి మరల మరల కలిసి ఏర్పడినది. ఇంత పొడవైన అణువులు ఉండగలవని జర్మన్ శాస్త్రజ్ఞుడు స్టౌడింగర్ 1920లో వ్రాసినప్పుడు తోటి శాస్త్రజ్ఞులలో పలువురు ఒప్పుకొనలేదు. ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది 1953లో. సరే, గొలుసు ఉన్నది. అది స్ఫటికంగా ఎట్లా పేరుకుంటుంది? ఉప్పులోని అయానులు బుట్టలో నిమ్మకాయల వలె వరుసగా సర్దుకొనగలవు. దారపు చిక్కు అట్లా సర్దుకొనలేదు. 1957లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ కెల్లర్ పాలిథీన్ స్ఫటికాలను పరిశీలించి, గొలుసులు చీర మడతల వలె వెనుకకు ముందుకు మడతపడి పలుచని పలకలుగా ఏర్పడుతున్నవని చూపినాడు. ఆ పలక మందం మిల్లీమీటరులో సుమారు లక్షవ వంతు. మడతపడడానికి గొలుసుకు కదలిక కావాలి, వ్యవధి కావాలి. ఈ రెండు మాటలు గుర్తుంచుకుంటే తక్కిన కథ సులభంగా తెలుస్తుంది.

పెట్ సుమారు 250, 260 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. సుమారు 75 డిగ్రీలకు దిగువన దాని గొలుసులు ఎక్కడివక్కడ బిగుసుకొనిపోతవి. ఆ స్థితిని గాజు స్థితి అంటారు. స్ఫటికం ఏర్పడగల అవకాశమంతా ఈ రెండు హద్దుల నడుమనే. కరిగిన పెట్‌ను నెమ్మదిగా చల్లార్చితే, ఆ మధ్య మండలంలో గొలుసులకు మడతపడే వ్యవధి దొరికి, పదార్థం తెల్లగా గట్టిపడుతుంది. తటాలున చల్లార్చితే, మడతలు పడే లోపలనే 75 డిగ్రీల గడప దాటిపోతుంది. ద్రవంలో ఉండిన చిక్కు చిక్కుగానే గడ్డకడుతుంది. చూడడానికి అది అద్దం వలె స్వచ్ఛం. సీసాల కర్మాగారంలో మొదట పోతపోసే చిన్న గొట్టాలు ఇట్లా చన్నీటితో చల్లార్చిన మూసలలో తయారైనవే.

తటాలున చల్లార్చడం మన కమ్మరికి క్రొత్త విద్య కాదు. కొడవలి ఎర్రగా కాల్చి నీట ముంచి పదను పెట్టడం మన పల్లెలలో తరతరాలుగా ఉన్నది. ఉర్దూలో దానినే 'ఆబ్ దేనా' అంటారు, అనగా నీరు ఇవ్వడం. నీరు త్రాగిన కత్తి 'ఆబ్‌దార్'. ఉక్కులో ఏర్పడేది గాజు కాదు కనుక పోలికను అంతకంటె సాగదీయరాదు. కాని ఒకే లోహం చల్లబడిన తీరును బట్టి వేరు వేరు గుణాలు పొందుతుందని మన రెండు భాషలకూ ఎన్నడో తెలుసు. మన పాఠ్యపుస్తకాల పట్టికలకే తెలియదు.

ఇక అసలు సంగతికి వస్తాము. ఆ స్వచ్ఛమైన గాజు ముక్కను తిరిగి మెల్లగా వేడిచేయండి. 75 డిగ్రీలు దాటగానే గొలుసులకు కదలిక వస్తుంది, ముక్క మెత్తబడుతుంది. అది ద్రవం కావడం లేదు, చల్లార్చేటప్పుడు దొరకని వ్యవధి ఇప్పుడు దొరుకుతున్నది, అంతే. సుమారు 120 నుండి 140 డిగ్రీల నడుమ మడతలు చురుకుగా పడి, పలకలు పుట్టి, అవి ఒక కేంద్రం నుండి అన్ని దిక్కులకు విస్తరించి చిన్న చిన్న గోళాలుగా పెరుగుతవి. ఆ గోళాలు వెలుతురును చెదరగొట్టడం వలన ముక్క పాలవలె తెల్లబడుతుంది. అంతకంటె ఆశ్చర్యకరమైనది మరొకటి ఉన్నది. మనం వేడి ఇస్తుండగా ఆ ముక్క తన వంతు వేడిని బయటికి వదులుతుంది. స్ఫటికం ఏర్పడినప్పుడు గుప్తోష్ణం విడుదల కావలసిందే గదా. వస్తువులోనికి పోయే వేడిని, వచ్చే వేడిని క్షణక్షణం కొలిచే కెలోరీమీటర్లు 1960ల నుండి వాడుకలో ఉన్నవి. వాటి రేఖాచిత్రంలో 75 దగ్గర ఒక చిన్న మెట్టు, 130 ప్రాంతంలో వేడి విడుదలను తెలిపే శిఖరం, 250 దాటినాక కరగడాన్ని తెలిపే లోయ వరుసగా కనిపిస్తవి. ముక్క నడిచిన దారి అంతా ఆ గీతలో వ్రాయబడి ఉంటుంది.

ఈ ప్రక్రియకు ఇంగ్లీషు గ్రంథాలు పెట్టిన పేరును తెలుగులోకి మార్చితే 'శీతల స్ఫటికీకరణ' అవుతుంది. వేడిచేస్తే జరిగేదానికి శీతలమనే పేరా! చల్లని వైపు నుండి ఎక్కివస్తున్నప్పుడు జరిగేది అని వారి భావం. భావం సరియైనదే, కాని ఆ మాటను మక్కికి మక్కి దించితే మన విద్యార్థి తప్పుదారి పడతాడు. ద్రవం నుండి దిగివస్తూ ఏర్పడేదానిని 'దిగుదారి స్ఫటికం' అని, గాజు నుండి ఎక్కివస్తూ ఏర్పడేదానిని 'ఎక్కుదారి స్ఫటికం' అని అంటే పామరునికి కూడ తెలుస్తుందని మా ఊహ. ఉర్దూలో స్ఫటికాన్ని 'ఖలమ్' అంటారు. కిరాణా దుకాణంలో సురేకారానికి 'ఖల్మీ షోరా' అనే పేరు అట్లా వచ్చినదే. స్ఫటికీకరణకు 'ఖల్మావ్' అనే చక్కని మాట కూడ వారికి ఉన్నది. ఆ మాటకు ముందు ఏ దారియో చెప్పే పదం చేర్చడం మా ఉర్దూ శాఖ మిత్రులకు వదిలిపెడుతున్నాము.

రెండు దారులలో ఏర్పడినది ఒకే స్ఫటికం గదా, పేర్లతో పని ఏమని అడగవచ్చును. పని ఉన్నది. స్ఫటికం ఏర్పడడంలో రెండు ఘట్టాలు ఉన్నవి. మొదట కొన్ని మడతలు ఒకచోట కూడి బీజం కావాలి, తరువాత ఆ బీజం చుట్టూ పెరుగుదల సాగాలి. బీజాలు విరివిగా పుట్టేది గాజు గడపకు కాస్త ఎగువన, తక్కువ ఉష్ణోగ్రతలో. పెరుగుదల వేగంగా సాగేది అంతకంటె చాల ఎక్కువ ఉష్ణోగ్రతలో. పెట్ స్ఫటికీకరణ మొత్తం మీద మిక్కిలి వేగంగా సాగేది 170, 180 డిగ్రీల ప్రాంతంలో. ఇప్పుడు రెండు ముక్కలను ఊహించండి. ఒకటి ద్రవం నుండి దిగి 150 డిగ్రీల వద్ద ఆగినది. అది బీజాల మండలాన్ని ఇంకా చూడనే లేదు. ఉన్న కొద్దిపాటి బీజాల చుట్టూ కొద్ది గోళాలు పెద్దవిగా పెరుగుతవి. రెండవది గాజు నుండి ఎక్కి అదే 150 వద్దకు వచ్చినది. అది బీజాల మండలం గుండా నడిచి వచ్చినది కనుక అసంఖ్యాకమైన బీజాలను వెంట తెచ్చుకొన్నది. గోళాలు లెక్కకు మిక్కిలి, పరిమాణంలో మిక్కిలి చిన్నవి, పని కూడ త్వరగా ముగుస్తుంది. పదార్థం ఒకటే, ఉష్ణోగ్రత ఒకటే, అయినా ఫలితాలు రెండు. మన పట్టికలో ఈ రెండూ 'స్ఫటికాలు' అనే ఒకే గదిలో పడిపోతవి.

వేడిచేసే వేగానికి కూడ ఇందులో పాత్ర ఉన్నది. త్వరగా వేడిచేస్తే స్ఫటికాలు ఆలస్యంగా, ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద పుడతవి. మరీ త్వరగా వేడిచేస్తే అసలు పుట్టకనే గాజు ద్రవంలో కలిసిపోతుంది. అన్ని పాలిమర్లూ ఇట్లా లొంగవు. పాలిథీన్ గొలుసు ఎంతటి చురుకైనదంటే సాధారణంగా దానిని గాజుగా నిలపడం సాధ్యపడదు. మామూలు పాలీస్టైరీన్ గొలుసులో క్రమం లేదు కనుక ఎంత వ్యవధి ఇచ్చినా స్ఫటికం కాదు. పెట్ ఈ రెంటికీ నడుమ నిలిచినది. అందుకే బోధనకు అనువైనది.

పాలిమర్ల వరకే ఎందుకు, జాతరలో పీచు మిఠాయిని చూడండి. ఉర్దూ పిల్లలు దానిని 'బుఢియా కే బాల్' అంటారు. కరిగిన చక్కెర సన్నని తీగలుగా గాలిలోకి చిమ్మబడి తటాలున చల్లారగా ఏర్పడిన గాజు అది. గాలిలోని తేమను పీల్చగానే దాని గాజు గడప క్రిందికి దిగిపోతుంది. ఇక మనం వేడిచేయనక్కరలేదు, గది వేడిమియే చాలును. తీగలు కుంగి, చక్కెర మరల గరుకు రవ్వగా మారుతుంది. వానాకాలంలో పీచు మిఠాయి ఎందుకు నిలువదో దానిని అమ్మే ముసలివాడు అనుభవం మీద చెప్పగలడు. మన బి.ఎస్‌సి. విద్యార్థి చెప్పగలడా అన్నదే మా సందేహం.

పట్టికను మరింత ఇబ్బంది పెట్టే సంగతి ఒకటి సీసా గోడలోనే ఉన్నది. గాజు గొట్టాన్ని సుమారు 100 డిగ్రీలకు వేడిచేసి, నిలువునా సాగదీసి, గాలితో ఉబ్బించి సీసా చేస్తారు. సాగదీసినప్పుడు గొలుసులు ఒకే దిక్కుకు తిరిగి, స్ఫటికాలు పుడతవి. అయినా గోడ తెల్లబడదు, ఎందుకంటే ఆ స్ఫటికాలు వెలుతురును చెదరగొట్టలేనంత చిన్నవి. మూత బిగించే మెడ భాగం మాత్రం సాగలేదు కనుక గాజుగానే మిగిలిపోతుంది. అంటే ఒకే సీసాలో మెడ అస్ఫటికం, గోడ పాక్షికంగా స్ఫటికం, చూపుకు రెండూ ఒకటే! స్వచ్ఛంగా ఉన్నదంతా అస్ఫటికమని వ్రాసిన విద్యార్థికి ఎన్ని మార్కులు వేయాలో పరీక్షకులే చెప్పాలి. పైగా పెట్ పూర్తిగా స్ఫటికం కావడమంటూ లేదు. వేడిచేసి తెల్లబరచిన ముక్కలో స్ఫటిక భాగం సాధారణంగా మూడవ వంతు ప్రాంతంలో ఉంటుంది. మిగిలిన దానిలోనూ స్ఫటికాల అంచులకు చిక్కుకొని స్వేచ్ఛ కోల్పోయిన గొలుసులు కొన్ని, దూరంగా హాయిగా ఉన్నవి కొన్ని. కాబట్టి రెండు గదులు చాలవు.

ఇది పండితుల కాలక్షేపం కాదు, కూటి విద్య కూడ. వాడిన సీసాలను ముక్కలు చేసి మరల కరిగించే కర్మాగారాలు నేడు మన దేశంలో అనేకం. కరిగించక మునుపు ఆ ముక్కల తేమను వేడిగాలితో పూర్తిగా తొలగించాలి, లేకపోతే కరిగినప్పుడు నీరు గొలుసులను త్రెంచివేస్తుంది. కాని గాజు స్థితిలోని ముక్కలను సరాసరి వేడిగాలిలో పోస్తే 75 డిగ్రీలు దాటగానే మెత్తబడి, ఒకదానికొకటి అంటుకొని ముద్దగా బిగుసుకుంటవి. అందుచేత ముందుగా వాటిని విడవకుండా కలియబెడుతూ వేడిచేసి స్ఫటికీకరిస్తారు. ఆ తరువాతనే ఆరబెడతారు. ఎక్కుదారి స్ఫటికం తెలియని పనివాని చేతిలో యంత్రం మూసుకుపోతుంది. పండ్లరసాన్ని వేడిగా నింపే సీసాలకు మెడ వంకరపోకుండా కావాలనే ఆ మెడను వేడిచేసి తెల్లబరుస్తారు. తెల్లని మెడ గల సీసాను చూసి నాసిరకమని ప్రక్కన పెట్టేవారు ఈ సంగతి గమనింతురు గాక.

హైదరాబాదు నగరంలో 1917లో దారుత్తర్జుమా స్థాపితమై, మరుసటి సంవత్సరం ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతిక రసాయన శాస్త్రాలు ఉర్దూలో బోధింపబడినవి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల విజ్ఞాన గ్రంథాలను తెలుగులో వెలువరించినది. మాటలు లేవన్న సాకు మనకు చెల్లదు. మాటలు ఉన్నవి, ఆ మాటలతో చూసి చెప్పవలసిన వస్తువు తరగతిలో లేదు. ఇంటర్మీడియట్ వరకు తెలుగులోనో ఉర్దూలోనో చదివి, పట్టపు తరగతిలో ఇంగ్లీషు ముందు మూగబోయే మన విద్యార్థులను చూస్తూనే ఉన్నాము. వారు ప్రయోగశాల రికార్డును పై తరగతివారి రికార్డు చూసి నింపుతారు. వారిని తప్పుపట్టడం మాకు ఇష్టం లేదు. జవాబు ముందే తెలిసిన ప్రయోగానికి పాత రికార్డు కంటె తగిన గురువు ఎవరు? సీసా మెడ ప్రయోగంలో ఆ సౌకర్యం లేదు. ఎవరి ముక్క చరిత్ర వారిదే. ఒకరి మందం వేరు, మరొకరి ఉష్ణోగ్రత వేరు, వేరొకరు ఉంచిన నిమిషాలు వేరు. కాపీ కొట్టినవాడు వెంటనే పట్టుబడతాడు.

విశ్వవిద్యాలయం నిర్ణయించిన పాఠ్యప్రణాళికలో దీనికి చోటు లేదని, వ్యవధి చాలదని రసాయనశాఖ మిత్రులు అంటారు. ఆ ఇబ్బంది మాకు తెలియనిది కాదు. అందుచేత పాలక సంఘం వారిని మేము కోరేది స్వల్పం. నెలకు ఒక శనివారం మధ్యాహ్నం ప్రయోగశాలలోని వేడిగాలి పెట్టెను రెండవ సంవత్సరం విద్యార్థులకు అప్పగించాలి. 250 డిగ్రీల వరకు చూపే ఉష్ణమాపకాలు మరి రెండు కొనాలి. వ్రాసిన నివేదిక తెలుగులో ఉన్నా, ఉర్దూలో ఉన్నా అంగీకరించి, మంచిదానిని ఈ సంచికలోనే ముద్రించాలి.

పద్ధతి సులభం. మర కలిగిన మెడ భాగాన్ని రంపంతో కోసి కడిగి ఆరబెట్టాలి. ఒక ముక్కను 60 డిగ్రీల వద్ద, ఒకదానిని 100 వద్ద, ఒకదానిని 140 వద్ద ఉంచాలి. 60 వద్ద ఎంతసేపు ఉంచినా ఏమీ జరగదు. 140 వద్ద కొద్ది నిమిషాలలోనే తెల్లబడడం మొదలవుతుంది. 100 వద్ద ఎంత ఓపిక కావాలో వారే గడియారం పెట్టి చూడాలి. మంట మీద మాత్రం పట్టరాదు, ముక్క కరిగి చేతికి అంటుతుంది. తరువాత కాల్షియం నైట్రేటును నీటిలో కరిగించి, ఘన సెంటీమీటరుకు 1.35 గ్రాముల సాంద్రత వచ్చేట్లు ద్రావణం చేసి, స్వచ్ఛమైన ముక్కను, తెల్లని ముక్కను అందులో వేయాలి. గాజు స్థితి సాంద్రత 1.335, స్ఫటిక సాంద్రత 1.455. కాబట్టి స్వచ్ఛమైనది తేలాలి, తెల్లనిది మునగాలి. గాలి బుడగలు అంటుకొని ఉంటే తుడిచి మరల వేయాలి.

ఉత్సాహం గలవారు ఇంకొకటి చేయవచ్చును. ఒక ముక్కను 85 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచి, తరువాత దానిని 120కి మార్చి, అదే సమయంలో ఏ చరిత్రా లేని మరొక క్రొత్త ముక్కను కూడ 120 వద్ద పెట్టాలి. పైన చెప్పిన బీజాల మాట నిజమైతే మొదటిదే ముందు తెల్లబడాలి. ముక్కలను రికార్డు పుటకు దారంతో కుట్టి, ప్రక్కన ఏ సీసా, ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలు అన్న మూడింటిని తమ మాటలలో వ్రాయాలి.